కళాయి ఎక్కడికి పోయింది

ఈ మధ్య మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే, "తాతయ్యా, ఇవాళ లేబరేటరీలో రాగిని పట్టుకున్నాను" అని గొప్పగా చెప్పింది. "నేనూ ఒకసారి పట్టుకున్నానమ్మా. పట్టుకున్నాక అత్తవారింటికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు" అన్నాను. అది నవ్వి ఊరుకోలేదు, చెప్పమని కూర్చుంది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మీరూ దాని ఈడు వాళ్ళే అనుకుంటాను. కాకపోయినా వినండి.

ముందు కళాయి సంగతి. ఇప్పుడు మీ ఇళ్ళల్లో అన్నీ స్టీలు గిన్నెలు, వాటికి ఏ బాధా లేదు. మా రోజుల్లో వంటంతా ఇత్తడిలో. ఇత్తడిలో పులుపు వండి నిలవ ఉంచితే రాగి కరిగి అందులోకి దిగుతుంది. తిన్నవాడికి కడుపులో దేవి వాంతులు పట్టుకుంటాయి. అందుకని గిన్నెల లోపల తగరం పూత పూయించేవారు. అదే కళాయి. అది అరిగిపోయిందంటే మళ్ళీ పూయించవలసిందే.

నేను ఏలూరులో కాలవ గట్టు మీద ఒక పెద్దమనిషి సొంతంగా పెట్టుకున్న పరీక్షశాలలో అసిస్టెంటుని. నూతి నీళ్ళు, నెయ్యి, ఎరువులు, ఎవరికి దేనిమీద అనుమానం వస్తే అది మా దగ్గరకి వచ్చేది. పందొమ్మిదివందల ముప్పైల్లో మాట. నాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. పరీక్షశాలలో మేం ముగ్గురం. యజమాని, అంటే మా పెద్దాయన, నేను, నా తోటి అసిస్టెంటు.

పెద్దాయన నిష్ఠాపరుడు. కోటు విప్పితే మడి, మడి విప్పితే కోటు. లోహాలను పట్టుకోవడానికి మేము ఒక గ్యాసు వాడతాం, దాని వాసన కుళ్ళిన కోడిగుడ్డులా ఉంటుందని ప్రతి పుస్తకంలోనూ రాసి ఉంటుంది. ఆయన పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టుకున్నవాడు కాదు. జాడీలోంచి గ్యాసు రాగానే ఒకసారి ఆఘ్రాణించి, మా ఇద్దరివైపు తిరిగి, "ఏవండీ, ఇలాగే ఉంటుందంటారా?" అని అడిగేవారు. "దీనికంటే గుడ్డే నయమండి" అనేవాడు నా తోటివాడు. ఇంత చదువూ చదివి ఈ ఒక్క విషయంలో పరాయివాళ్ళ మాట నమ్మాల్సి వచ్చిందే అని ఆయనకి లోలోపల కించగా ఉండేది.

నా తోటివాడు తెలివైనవాడే. తొందర ఒక్కటే జబ్బు. కాఫీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలిక కాల్చుకునేవాడు. టెస్ట్ ట్యూబులో ఏదన్నా రంగు మారితే చాలు, పేరు పెట్టేసేవాడు. నా పెళ్ళిదాకా మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం గనక అతని తొందర నాకు రెండు పూటలా అనుభవమే.

ఇక అసలు మనిషి, కళాయి సాయిబు గారు. ఏలూరు ఊళ్ళో ఇల్లు. నిప్పు ఊదే తిత్తీ, పటకారూ, నవాసారం మూటా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళ ముందర ఊరూరా తిరిగేవాడు. భీమడోలు దాకా రైల్లో, అక్కణ్ణించి పల్లెలకి నడక, కొల్లేటి లంకలకి దోనె. ఆయన పని చూడ్డానికి వీధంతా పోగయ్యేది. ముందు గుండిగలో, అంటే పెళ్ళివంటల పెద్ద ఇత్తడి పాత్రలో, ఇసక పోసి, తను అందులోకి దిగి, గోడ పట్టుకుని పాదాలతో గిరగిరా తిరిగేవాడు. లోపలి మురికంతా అలా ఊడ్చేవాడు. తరవాత గుండిగను నిప్పుల మీద బాగా కాల్చి, తగరం అంటుకోవడానికి నవాసారమనే ఉప్పు గుప్పున పొగ లేచేలా చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేసరికి లోపలంతా తెల్లగా వెన్నెల పరిచినట్టు అయ్యేది.

భీమడోలు దగ్గర పల్లెలో మా అత్తవారిల్లు. మా మామగారి తల్లిని అందరం మామ్మగారు అనేవాళ్ళం. ఇంట్లో మాట ఆవిడదే. సాయిబు గారు ఏళ్ళ తరబడి ఆ ఇంటి గిన్నెలకి కళాయి వేసేవాడు. ఆయన కాళ్ళు పెట్టి తొక్కిన గుండిగలో వంటేమిటని ఎవరైనా మూతి విరిస్తే, "నిప్పు మీద కాలింది కదర్రా, ఇంకా మైలేమిటి?" అని మామ్మగారు నోరు మూయించేవారు.

ఆ ఏడు మా మరదలి పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళది తాడేపల్లిగూడెం. పెద్ద గుండిగలు నాలుగింటికీ సాయిబు గారు వచ్చి కళాయి వేసి వెళ్ళాడు. నేను పెద్దల్లుణ్ణి గనక మొదటి పంక్తిలో పీట వేశారు. ముక్కల పులుసు మారు పోయించుకుని మరీ తిన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. నాకేమీ కాలేదు.

పెళ్ళికొడుకు తండ్రిగారు మాత్రం ఆ పంక్తికి రాలేదు. అలిగారు. విడిదికి పంపిన కాఫీ చల్లారిందనో, పిలవడానికి చిన్నవాళ్ళని పంపారనో, ఏదో పెద్ద కారణమే. వియ్యంకుడు అలగని పెళ్ళి పెళ్ళిలా ఉండదని అప్పట్లో ఒక అభిప్రాయం. మా మామగారు బతిమాలి తీసుకొచ్చేసరికి పొద్దు వాలింది. ఆయనా, ఆయనకి మద్దతుగా అలిగిన బంధువులూ, పొద్దుటినుంచీ వడ్డించి వడ్డించి అప్పటికి విస్తరి ముందు కూర్చున్న మా ఇంటి ఆడవాళ్ళూ, అందరిదీ చివరి పంక్తి. గుండిగ అడుగున ఉన్న పులుసు వాళ్ళకి పోశారు.

అక్కడితో మొదలయింది. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పెరట్లోకి పరుగు. ఆడవాళ్ళు రెండు రోజుల్లో తేరుకున్నారు గాని, వియ్యంకుడు గారి పరిస్థితి మాత్రం గాభరా పుట్టించింది. డాక్టరు వచ్చి పక్కనే కూర్చున్నాడు. మా మరదలు పసుపు బట్టలతోనే ఒక మూల కూర్చుని ఏడుస్తోంది. అడుగుపెట్టకముందే మామగారికి ప్రాణం మీదికి తెచ్చిన కోడలని ఎవరో అననే అన్నారు.

"సీసం" అన్న మాట కూడా ఆ గుంపులోనే ఎవరో అన్నారు. తగరం ఖరీదని కొందరు కళాయిలో సీసం కలుపుతారని అందరూ విన్నదే. సీసం విషం. ఇంకేం, పోలీసు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మిగిలిన పులుసు సీసాలో పోయించి లక్క సీలు వేశారు. సాయిబు గారి తిత్తీ పటకారూ స్టేషన్లో పెట్టించారు. మద్రాసు సర్కారు పరీక్షశాలకి పంపితే జవాబు ఎప్పటికొస్తుందో తెలియదు గనక ముందు మా పరీక్షశాలకి పంపారు. మేము సీసం ఉందంటే సాయిబు గారి మీద కేసు. లేదంటే ఆయన పనిముట్లు ఆయనకిచ్చేస్తారు. పెళ్ళిళ్ళ రోజులు. ఆ రెండు నెలలు చేసిన పనితోనే ఆయన ఇల్లు ఏడాదంతా గడవాలి.

"మీ అత్తవారింటి వ్యవహారం గనక నువ్వు చెయ్యి పెట్టకు, పక్కన ఉండు" అన్నారు పెద్దాయన. పని నా తోటివాడికి అప్పజెప్పారు.

ఇలాంటి పరీక్షకి ఒక వరస ఉంది. పులుసు ఎండబెట్టి, బూడిద చేసి, ఆసిడ్‌లో కరిగించాలి. అందులో గ్యాసు పంపాలి. రాగి, సీసం, తగరం లాంటివి గ్యాసుకి దొరికి అడుక్కి దిగుతాయి. ఇప్పుడు దీన్ని అవక్షేపం అంటున్నారు, మేము మడ్డి అనేవాళ్ళం. నీళ్ళలోనూ కూరల్లోనూ ఉండే సున్నం గ్యాసుకి దొరకదు, పైనే ఉండిపోతుంది. అలా వేరు చేశాకనే ఏది ఏదో చూడాలి. నా తోటివాడికి ఇదంతా కంఠతా వచ్చు. కాని పెద్దాయన బ్యాంకికి వెళ్ళారు, కానిస్టేబులు గుమ్మంలో నుంచుని ఉన్నాడు, గ్యాసు జాడీ సిద్ధంగా లేదు. తిన్నగా సల్ఫ్యూరిక్ ఆసిడ్ నాలుగు చుక్కలు వేశాడు. తెల్లటి మడ్డి దిగింది.

"సీసం!" అన్నాడు.

నేను "ఆగవయ్యా" అనేలోగా కానిస్టేబులు మధ్యాహ్నం బండికి రైలు స్టేషనువైపు పరిగెత్తాడు. భీమడోలుకి ఆ బండీ ఆ కబురూ ఒక్కసారే చేరాయి. కబురే ముందు దిగిందేమో కూడా.

పెద్దాయన వచ్చి ట్యూబు వెలుతురుకి పెట్టి చూశారు. కోప్పడడం ఆయనకి చేతకాదు. తెల్ల మడ్డిలో పొటాషియం క్రోమేటు వేసి చూపించారు. సీసమైతే పచ్చగా పసుపులా మారాలి. మారలేదు. "ఇది సున్నం నాయనా. మన నూతినీళ్ళూ మునక్కాడలూ కలిసి నిన్ను ఆటపట్టించాయి" అన్నారు. ఆ తరవాత, "ఒకసారి ఆ ట్యూబులన్నీ కడిగేస్తావా?" అన్నారు. ఆయన వేసే శిక్ష అదొక్కటే. పరీక్షశాలలో ఉన్న ట్యూబులన్నీ, వాడినవీ వాడనివీ, అతను చీకటి పడేదాకా కడిగాడు.

మర్నాడు పెద్దాయనే మొదటినుంచీ చేశారు. గ్యాసు పంపగానే నల్లటి మడ్డి. దాన్ని వడకట్టి, నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి, అమోనియా పోశారు. ట్యూబంతా నీలం. అంత చక్కటి నీలం పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీరల్లో కూడా నేను చూడలేదు. రాగి, అదీ దండిగా. సీసం కోసం అన్ని రకాలా వెతికారు. లేదు.

నేను మధ్యాహ్నమే మా మామగారికి మనిషి చేత కబురంపాను. కాని ముందు వెళ్ళిన కబురుకి ఉన్న కాళ్ళు రెండోదానికి లేవు. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళల్లో సాయిబు గారిని గుమ్మం ఎక్కనివ్వడం మానేశారు. అరువు పనిముట్లు పట్టుకుని ఆయన కొల్లేటికోట పోదామని రేవుకి వెళితే దోనెవాడు ఎక్కించుకోలేదట.

ఇక్కడితో అయిపోవాలి. కాని ఇన్‌స్పెక్టరు గారు బుర్ర ఉన్న మనిషి. కళాయి వేసిన గుండిగలో రాగి ఎలా దిగిందని అడిగారు. మంచి ప్రశ్నే. పులుసు వండిన గుండిగను బండి మీద ఏలూరు పంపించారు. పెద్దాయన లోపల గీకించి తగరం కోసం చూశారు. మచ్చుకి కూడా లేదు. అంటే లెక్క ఇంకా చెడింది. సీసం కలిపాడన్న మాట పోయి, కూలి తీసుకుని కళాయే వెయ్యలేదన్న మాట వచ్చింది. సీసమైతే అమ్మినవాడు మోసం చేశాడనైనా అనుకోవచ్చు. ఇది అలా కాదు, ఆయన మాటే పోయింది.

ఆ సాయంత్రం సాయిబు గారు పరీక్షశాలకి వచ్చాడు. గుమ్మం బయటే నుంచున్నాడు. మనిషి సగమయ్యాడు గాని మాటలో చమత్కారం ఇంకా చావలేదు.

"ఏవండీ, మీ గాజు గొట్టానికి నామీద ఏవన్నా కోపం ఉందాండీ? మొన్న ఉన్నదన్నది, ఇవాళ లేదంటోంది. రెండిటికీ నన్నే పట్టుకుంటోంది."

"లోపలికి రండి" అన్నారు పెద్దాయన.

"ఇక్కడ బాగానే ఉందండి. నేను కళాయి వేశానండీ. తళతళలాడిపోయింది. మామ్మగారు వంగి అందులో మొహం చూసుకుని, 'ఇంత ముసలిదాన్ని ఎప్పుడయ్యాను సాయిబూ?' అన్నారండి. ఆవిణ్ణే అడగండి. కళాయి లేని గుండిగలో మొహం కనపడదు కదండీ."

అంతవరకూ నవ్వుతూనే చెప్పాడు. తరవాత ఉన్నట్టుండి, "మా పెద్దపిల్లకి సంబంధం కుదిరిందండి. వాళ్ళకీ ఈ మాట చేరిందట" అని అటు తిరిగి కాలవకేసి చూస్తూ నుంచున్నాడు.

ఆయన వెళ్ళాక పెద్దాయన చాలాసేపు గుండిగ చుట్టూ తిరిగారు. "వెయ్యకపోతే గొడవే లేదు. వేసుంటే మాత్రం ఎక్కడికో పోవాలి. ఆవిరైపోవడానికి అది కర్పూరం కాదు కదా" అన్నారు. నావైపు తిరిగి, "మీ అత్తవారింటికి వెళ్ళి చాలా రోజులైనట్టుంది, ఒకసారి చూసి రాకూడదూ?" అన్నారు. పరీక్షలో చెయ్యి పెట్టవద్దన్నారు గాని కన్ను పెట్టవద్దనలేదు.

మర్నాడు పొద్దుటి బండికి వెళ్ళాను. ఇంట్లో ఎవరి మొహాలూ బాగాలేవు. మా మరదల్ని ఇంకా కాపరానికి తీసుకెళ్ళలేదు. మామ్మగారు మాత్రం అల్లుడు వచ్చాడని లేచి పెరటి అరుగు మీద పీట వేయించారు. మిగతా మూడు గుండిగలూ అక్కడే నూతి పక్కన బోర్లించి ఉన్నాయి. ఒకటి తిప్పి చూశాను. లోపల బంగారంలా పచ్చగా మెరిసిపోతోంది. కళాయి ఉంటే తెల్లగా ఉండాలి.

"మామ్మగారూ, లోపల కూడా ఎంత మెరుస్తున్నాయండీ!" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను, అబద్ధం కాదు.

"మెరవవా మరి! రెండు రోజులు తోమించాను బాబూ. వియ్యపురాలి అత్తగారు పెద్దావిడ ఉంది చూశారూ, మహా మడి మనిషి. 'ఎవరో కాళ్ళు పెట్టి తొక్కిన గుండిగలో వండితే మేం చెయ్యి కడగం' అని కబురెట్టింది. నిప్పు మీద కాలిందంటే వినదే! పిల్ల వెళ్ళి బతకాల్సిన ఇల్లు. పోనీ అని లోపలా బయటా చింతపండూ ఇటుకపొడీ పెట్టించి, నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టి మూడేసి మార్లు తోమించాను. మీరు చూస్తే అద్దాలే."

ఇత్తడి గిన్నెను బయట చింతపండుతో తోముతారు, కళాయి వేసిన లోపలివైపు బూడిదతో సుతారంగా కడుగుతారు. ఈ సంగతి ఆవిడకి తెలియక కాదు. వియ్యాలవారి భయంలో ఆ రెండు రోజులూ మరిచిపోయారు. మెరుపు చూసి తృప్తిపడ్డారు. ఏ మెరుపు పోయి ఏ మెరుపు వచ్చిందో చూసుకోలేదు. పొద్దున్న వండిన పులుసు మధ్యాహ్నానికి కొద్దిగా, సాయంత్రానికి నిండుగా రాగి తాగింది. అందుకే మొదటి పంక్తిలో నేను బతికాను, అలిగినవాళ్ళు పడ్డారు.

నూతి పక్కన ఓటికుండలో తోముడు చింతపండు ఉంది. పులుపు చచ్చేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ వాడడం ఆ ఇంటి పొదుపు. "కాస్త ఇది ఇప్పిస్తారా మామ్మగారూ?" అన్నాను.

"మీ ఆఫీసులో గిన్నెలు నల్లబడ్డాయా ఏంటి? పట్టికెళ్ళండి, దానికేం. కొత్త చింతపండు కూడా పెడతాను. ఇటుకపొడి మెత్తగా జల్లించాలి సుమండీ, గరుకుంటే గీతలు పడతాయి" అని అన్నీ విడివిడిగా అరిటాకుల్లో పొట్లాలు కట్టి ఇచ్చారు. ఆవిడ చేత్తో ఆవిడకే వ్యతిరేక సాక్ష్యం కట్టించుకుని, పైగా ఆవిడ చేసిచ్చిన మినపసున్నుండలు కూడా తీసుకుని రైలెక్కాను. దారి పొడుగునా ఒక్క ఉండా నోట పెట్టలేదు.

పెద్దాయన ఆ పొట్లాలు విప్పి బల్ల మీద వరసగా పెట్టారు. తోముడు చింతపండును ఆసిడ్‌లో మరిగించి వడకట్టి, అందులో ఒక శుభ్రమైన ఇనప మేకు వేశారు. రాగి ఉంటే మేకుని పట్టుకుని దానిమీద ఎర్రగా పేరుకుంటుంది. తగరం నీళ్ళలోనే ఉండిపోతుంది. మేకు తీసేసి పాదరసపు ఉప్పు నీళ్ళు నాలుగు చుక్కలు వేస్తే, తగరం ఉన్నట్టయితే ముందు తెల్లటి పట్టులాంటి మడ్డి, తరవాత అది బూడిదరంగు. మేకు ఎర్రబడింది. మడ్డి తెల్లగా దిగి, చూస్తూ ఉండగానే బూడిదరంగైంది. కొత్త చింతపండూ కొత్త ఇటుకపొడీ కలిపి ఇదే పరీక్ష చేశారు. ఏమీ లేదు. నా తోటివాడు అంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నుంచున్నాడు. అన్నీ అయ్యాక, అందరికన్నా చివర, మెల్లిగా, "తగరమే అనుకుంటానండి" అన్నాడు. పెద్దాయన అతని వీపు తట్టారు.

పోయిన కళాయి దొరికింది. కాని నాకు సంతోషం కలగలేదు. ఈ మాట బయటపడితే సాయిబు గారు నిలబడతాడు, మా అత్తవారింటి పరువు పడుతుంది. మరదలి కాపరం ఏమవుతుందో చెప్పలేను. మా ఆవిడతో ఈ సంగతి చెబితే, ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సాయిబు గారి పిల్ల కూడా పిల్లే కదండీ" అంది. ఆ రోజు నాకు మా ఆవిడ మీద గౌరవం పెరిగిన మాట ఇంతవరకూ ఆవిడకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పెద్దాయన కాగితం మీద రాసి పంపనన్నారు. అందరి ఎదటా చూపిస్తానన్నారు. అలా ఒక ఉదయం మా అత్తవారింటి వరండాలో బల్ల వేసి ట్యూబులు అమర్చాం. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. వియ్యంకుడు గారు, అప్పటికి కోలుకున్నారు గాని బాగా చిక్కారు, తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చారు. సాయిబు గారు అరుగు కింద, ఎండలో. మామ్మగారు గడప లోపల స్తంభం పక్కన కూర్చున్నారు. గ్యాసు జాడీ తెరవగానే వియ్యంకుడు గారు ముక్కు మూసుకుని, "ఇదేం వాసనండీ!" అన్నారు. "కుళ్ళిన గుడ్డు వాసనండి, అని అందరూ అంటారు" అన్నారు పెద్దాయన గంభీరంగా.

పులుసులో సీసం లేదని చూపించారు. నీలం చూపించారు. పోలికకి కొత్త చింతపండు చూపించారు. చివరికి ఓటికుండలోని చింతపండు నీళ్ళలో మేకు వేసి, తీసి, చుక్కలు వేశారు. అందరి తలలూ ట్యూబు మీదికి వంగాయి. తెల్లగా దిగింది. బూడిదరంగైంది.

"ఇది తగరమండి. కళాయి ఈ చింతపండులోకి వచ్చింది" అన్నారు పెద్దాయన.

ఇన్‌స్పెక్టరు గారు ఒక్క క్షణం ఆలోచించారు. "రావచ్చు. కాని ఏ గిన్నె కళాయి? ఈ ఇంట్లో పాత గిన్నెలు బోలెడుంటాయి. నిరుడు తోమినవైనా కావచ్చు. ఈ గుండిగలకి సాయిబు కళాయి వేశాడనీ, అదే ఇదనీ మీ గొట్టం చెప్పగలదాండీ?"

పెద్దాయన ట్యూబు స్టాండులో పెట్టేశారు. "చెప్పలేదండి. తగరం ఉందనే చెబుతుంది. ఎవరిదో ఎప్పటిదో దానికి తెలియదు."

నేను తల దించుకున్నాను. తోమించిన మాట నాకు తెలుసు, నేను చెప్పాలి. నోరు తెరవబోయాను. గడప దగ్గర గాజుల చేయి ఒకటి మామ్మగారిని ఆపబోవడం కనిపించింది, మా అత్తగారిది. మామ్మగారు ఆ చేయి పక్కకి తోసి లేచి నుంచున్నారు.

"నేను చెబుతాను. సాయిబు కళాయి వేశాడు. నేను అందులో నా మొహం చూసుకున్నాను. ఆ తరవాత నేనే దగ్గరుండి తోమించేశాను. ఈ చింతపండు నాది, ఈ ఇటుకపొడి నాది, ఈ బుద్ధితక్కువ పనీ నాదే."

మా మామగారు "అమ్మా!" అన్నారు.

"నువ్వుండరా. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. ఆ గొట్టంలో బూడిదరంగు చూశాక తట్టింది. ఒక మనిషి తిండి పోతుంటే నా పరువేంటి?" అని వియ్యంకుడు గారి వైపు తిరిగారు. "బాబుగారూ, మీ ఇంటి మడికి జడిసి చేశాను. అయినా తప్పు నాది, పిల్లది కాదు. ఏమన్నా అనాలంటే నన్ననండి."

వియ్యంకుడు గారి మొహంలో రంగులు మా ట్యూబుల్లోకంటే వేగంగా మారాయి. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "అంటే, నేను ఆవేళ అలక్కుండా మొదటి పంక్తికే వచ్చుంటే..." అన్నారు.

"ఏమీ అయ్యుండేది కాదండి. నేను మారు పోయించుకున్నాను" అన్నాను. నా నోటికీ కొంచెం తొందర అంటుకున్నట్టుంది.

ఇన్‌స్పెక్టరు గారు ముందు నవ్వారు. తరవాత వియ్యంకుడు గారూ నవ్వక తప్పలేదు. "మంచిరోజు చూసి పిల్లని పంపించండి బావగారూ" అన్నారు మా మామగారితో. మళ్ళీ గొంతు తగ్గించి, "మడి కబురు సంగతి మాత్రం మా అమ్మ దగ్గర ఎత్తకండి. ఈసారి ఆవిడ అలుగుతుంది" అన్నారు.

సాయిబు గారి తిత్తీ పటకారూ ఆ సాయంత్రమే తిరిగొచ్చాయి. ఆయన కూతురి సంబంధం నిలిచింది. మంచి కబురు చెడ్డ కబురంత జోరుగా నడవదని చెప్పాను కదా. అందుకని మామ్మగారే దానికి బండి కట్టారు. సంతరోజు చూసి, ఊరి జనమంతా అటే వెళ్ళే వేళకి, నాలుగు గుండిగలూ వీధి వాకిట్లో పెట్టించి సాయిబు గారిని పిలిపించారు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఆయన పని పశువుల పాక వెనకాల జరిగేది. ఈసారి వీధి వాకిట్లో. మేమందరం చూస్తూ ఉండగా ఆయన గుండిగలోకి దిగి, మా మామగారి ఇంటి స్తంభం పట్టుకుని గిరగిరా తిరిగాడు. కాల్చాడు, నవాసారం చల్లాడు, తగరం తిప్పాడు.

ఆఖరి గుండిగ చల్లారింది. మామ్మగారు వంగి లోపలికి చూసుకున్నారు. "అప్పటికన్నా ముసలిదాన్నయ్యాను సాయిబూ" అన్నారు. ఒక బిందెడు నీళ్ళు తెప్పించి అందులో పోయించారు. కడగలేదు, తొలపలేదు. చెంబుతో ముంచి, సంతకి వెళ్ళేవాళ్ళంతా ఆగి చూస్తూ ఉండగా, నుంచున్న పాటున గటగటా తాగేశారు. మళ్ళీ ముంచి ఆ చెంబు ఆయన చేతికిచ్చారు. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి వస్తూ, తాగడానికి నీళ్ళు కూడా తన ముంతలోనే తెచ్చుకున్న మనిషి.

ఆయన తాగాడు. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, "పొగండి మామ్మగారూ. నవాసారం పొగ" అన్నాడు.

"అవును, పొగే" అన్నారు మామ్మగారు, పైటచెంగు కళ్ళకి అద్దుకుంటూ.

కుంపటి ఆరిపోయి అప్పటికే చాలాసేపయింది. నేను అనలిస్టుని, ఆ మాట చెప్పవలసినవాణ్ణి. చెప్పలేదు.